కొండదారిలో ఉడుపులు

‘దూరపు కొండలు నునుపు’ అని మన పెద్దలు ఊరక అనలేదు. ఆశ్వయుజ, కార్తిక మాసాలలో వానలు వెనుదీసి ఆకాశం నిర్మలమైనప్పుడు, తెలుగునాట నుండి ఎందరో యాత్రికులు బృందాలుగా బదరీనాథ్‌కు బయలుదేరుతారు. శీతకాలానికి ఆలయం మూసివేసేలోగా దర్శనం చేసుకోవాలని వారి తపన. భక్తితోపాటు తగిన ఉడుపులు కూడా వెంట ఉంటేనే ఆ యాత్ర క్షేమంగా ముగుస్తుంది.

కొండల పాదాన ఉన్న హృషీకేశ్ సముద్రమట్టానికి సుమారు 350 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడికి దాదాపు 300 కిలోమీటర్ల దూరాన ఉన్న బదరీనాథ్ ఎత్తు సుమారు 3,100 మీటర్లు. ప్రతి 1,000 మీటర్ల ఎత్తుకూ గాలి ఉష్ణోగ్రత సగటున 6.5 డిగ్రీల సెల్సియస్ తగ్గుతుంది. ఈ లెక్కన కేవలం ఎత్తు వల్లనే సుమారు 18 డిగ్రీల తేడా వస్తుంది. మధ్యాహ్నం కింద చెమట పట్టించిన ఎండ, రాత్రి పైన ఎముకలు కొరికే చలిగా మారుతుంది. అందువల్ల ఒక్క దళసరి కోటును నమ్ముకోరాదు. అది ఎక్కేటప్పుడు భారం, తీసివేస్తే చలి. పలుచని ఉడుపులను పొరలుగా ధరించడమే ఉపాయం.

ఉన్ని తనంతట తాను వేడిని పుట్టించదు. దాని పోగుల నడుమ నిలిచిన గాలి, మన శరీరపు వేడిని వెలుపలికి పోనీయదు. పొరల మధ్య నిలిచే గాలి కూడా ఇదే పని చేస్తుంది.

మొదటి పొర ఒంటిని అంటి ఉండే పలుచని ఉన్ని లేదా పాలిస్టర్ బనియను. ఇది చెమటను పైకి లాగి త్వరగా ఆరుతుంది. మన ఎండలకు హితమైన నూలుబట్ట ఇక్కడ పనికిరాదు. తడిని పీల్చి ఒంటికి అంటుకొని చల్లబరుస్తుంది. రెండవది వేడిని నిలిపే స్వెట్టరు. మూడవది గాలినీ, వాననూ అడ్డగించే జాకెట్టు. చీర కట్టే స్త్రీలు లోపల ఉన్ని పైజామా ధరించడం మేలు. తలకు మంకీ టోపీ, చేతులకు తొడుగులు, కాళ్లకు ఉన్ని మేజోళ్లు తప్పనిసరి.

నిశ్చలమైన గాలికంటె నీరు సుమారు 25 రెట్లు అధికంగా వేడిని హరిస్తుంది. కనుక కొండలపై తడిబట్టయే ప్రధాన శత్రువు. బదరీనాథ్‌లోని తప్తకుండపు వేడినీటిలో స్నానమాడినవారు తడిబట్టలతో గాలిలో నిలువరాదు. వెంటనే తల తుడుచుకొని పొడిబట్టలు కట్టుకోవాలి. మాణా గ్రామం దాటి వసుధార జలపాతానికి నడిచేవారు, చెమట పట్టకముందే ఒక పొర తీయాలి. విశ్రమించగానే, వణుకు పుట్టకముందే, తిరిగి తొడుక్కోవాలి.

శరీరపు లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీలకంటె తగ్గితే ప్రాణాపాయం. ఆగని వణుకు, తడబడే మాట, పట్టుతప్పే వేళ్లు దాని సూచనలు. వెచ్చబడకుండానే వణుకు ఆగిపోతే అది కోలుకోవడం కాదు, ప్రమాదం ముదిరిందని అర్థం. అట్టివారికి తడిబట్టలు విప్పి, పొడి దుప్పట్లు కప్పి, స్పృహ ఉంటే వెచ్చని తీపి పానీయం ఇచ్చి, వైద్యసహాయం అందేలా చూడాలి.

సంచి సర్దడంలోనూ వివేకం అవసరం. బస్సుపై కట్టిన పెట్టెలోని స్వెట్టరు దారిలో అక్కరకు రాదు. జాకెట్టు చేతిసంచిలో అన్నిటికంటె పైన ఉండాలి. ఒక జత పొడిబట్టలను ప్లాస్టిక్ సంచిలో చుట్టి, రాత్రి బసకు ప్రత్యేకించాలి. బృందంలోని వృద్ధులు చలిని ఆలస్యంగా గుర్తిస్తారు. వారి సంచిని సర్దిపెట్టే బాధ్యత, దారిలో వారిని కనిపెట్టే బాధ్యత యువతీయువకులదే.

అర్థాలు
ఉడుపులు = దుస్తులు
దళసరి = మందమైన
హరించు = తీసుకొనిపోవు
అక్కర = అవసరం

ప్రశ్నలు
1. కొండదారిలో ఒక్క దళసరి కోటు ఎందుకు చాలదు?
2. తడిబట్టను ‘ప్రధాన శత్రువు’ అనడంలోని ఔచిత్యాన్ని వివరించండి.
3. బదరీయాత్రకు వెళ్లే మీ అమ్మమ్మగారికి సంచి సర్దే విధానం తెలుపుతూ లేఖ రాయండి.