గ్యాస్ కొట్టే ముందు గేజ్ చూడటం నేర్పే చదువు

ఏసీ సరిగ్గా చల్లబడకపోతే మన ఊళ్లలో మెకానిక్ నోట మొదట వచ్చే మాట, "గ్యాస్ అయిపోయిందండీ, కొట్టాలి." నిజానికి ఏసీలో గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న గొట్టాల్లో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతుంది. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. ఆ లీకు వెతక్కుండా మళ్లీ గ్యాస్ కొట్టడమంటే చిల్లు కుండలో నీళ్లు పోయడమే.

ముందు కొలిచి, తర్వాత చెయ్యి పెట్టడం నేర్పే చదువు కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లో ఉంది. ఓక్లండ్‌లో లేక్ మెరిట్ బార్ట్ స్టేషన్ పక్కనే ఉన్న లేనీ కాలేజీ దీనికి పేరున్న చోటు. అక్కడ ఈ కోర్సు పేరు ఎన్విరాన్‌మెంటల్ కంట్రోల్ టెక్నాలజీ. ఆ పేరు వినగానే మనవాళ్లు కాలుష్య నియంత్రణ అనుకుంటారు. ఇది భవనాల లోపలి గాలికి సంబంధించిన చదువు: చల్లదనం, వేడి, గాలి మార్పిడి, కోల్డ్ స్టోరేజీ, వీటన్నిటినీ నడిపించే కంట్రోల్స్.

ఫ్రీమాంట్‌లోనో శాన్ హోసేలోనో గ్యాస్ స్టేషన్ కౌంటర్లో, కిరాణా కొట్లో, హోటల్ కిచెన్‌లో గంటల లెక్కన పనిచేస్తూ, గ్రీన్ కార్డో పని అనుమతో చేతిలో ఉన్న తెలుగువాళ్ల కోసం ఇది రాస్తున్నాను. వాళ్లలో ఐటీఐ, డిప్లొమా, ఎలక్ట్రికల్ బీటెక్ చేసి, ఆ సర్టిఫికెట్లు సూట్‌కేస్ అడుగున పడేసినవాళ్లు చాలామందే ఉన్నారు. ఆ చదువు మళ్లీ అక్కరకొచ్చే దారుల్లో ఇదొకటని నా గట్టి నమ్మకం.

వీసా సంగతి మొదటే తేల్చుకోండి. హెచ్-4 మీద ఉన్నవాళ్లు చదువుకోవచ్చు గానీ, వర్క్ పర్మిట్ లేకుండా పని చేయకూడదు. ఈ కోర్సు చేసినంత మాత్రాన వీసా రాదు. దీనికోసమే ఇండియా నుంచి విద్యార్థి వీసా మీద రావడం మాత్రం వద్దంటాను. బయటివాళ్లకు ఫీజు ఎన్నో రెట్లు ఎక్కువ. కాలిఫోర్నియా రెసిడెంట్లకైతే యూనిట్‌కి 46 డాలర్లు, అంటే 3 యూనిట్ల క్లాసుకి 138. ఆదాయం తక్కువున్న కుటుంబాలకు ప్రామిస్ గ్రాంట్ కింద ఆ ఫీజు కూడా మాఫీ అవుతుంది. పుస్తకాలు, పనిముట్ల ఖర్చు వేరే.

క్లాసులో ఏం నేర్పుతారో ఒక్క ఉదాహరణ చెప్తాను. నడుస్తున్న ఏసీకి తక్కువ ప్రెషర్ వైపు గేజ్ తగిలిస్తే ముల్లు 118 పీఎస్‌ఐ దగ్గర ఆగింది. అందులో ఉన్నది ఆర్-410ఏ అయితే, ఆ ప్రెషర్ దగ్గర అది 40 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి మరుగుతోందని చార్ట్ చెప్తుంది. కంప్రెసర్‌కి వెనక్కి వెళ్లే రాగి గొట్టానికి థర్మామీటర్ క్లిప్పు పెడితే 50. తేడా 10. దీన్నే సూపర్‌హీట్ అంటారు. ఆ తేడా 30కి పోతే లోపలి కాయిల్‌కి గ్యాస్ చాలడం లేదు: లీకు అయినా ఉండాలి, దారిలో అడ్డం అయినా ఉండాలి. సున్నాకి దిగితే ద్రవం మరగకుండానే కంప్రెసర్‌లోకి పోతోంది. దుమ్ము పట్టిన ఫిల్టర్ కావచ్చు, ఎవరో ఎక్కువగా కొట్టేసిన గ్యాస్ కావచ్చు. ఇంట్లోవాళ్ల ఫిర్యాదు మాత్రం ఒక్కటే, చల్లగా లేదని. ఈ లెక్క చేతికి అలవాటైనవాడికీ, సిలిండర్ తగిలించడం మాత్రమే తెలిసినవాడికీ జీతంలో తేడా వచ్చేది ఇక్కడే.

గ్యాస్ ముట్టుకోవాలంటే అమెరికాలో ఈపీఏ 608 సర్టిఫికెట్ తప్పనిసరి. అందులో యూనివర్సల్ అనే రకం తీసుకోండి. 25 ప్రశ్నల చొప్పున నాలుగు భాగాలు, ప్రతి భాగంలో 18 రావాలి. ఒకసారి పాసైతే గడువు తీరడమంటూ లేదు. కోర్సంతా అయ్యేదాకా ఆగక్కర్లేదు, మొదటి రిఫ్రిజిరేషన్ క్లాసు పూర్తవగానే రాసేయండి. 2025 నుంచి ఇళ్ల ఏసీలను 410ఏతో కొత్తగా తయారు చేయడం ఆపించారు. వాటి బదులు వస్తున్న ఆర్-32, ఆర్-454బి కొద్దిగా మండే గుణం ఉన్నవి. పాతికేళ్లుగా ఈ పనిలో ఉన్నవాళ్లు కూడా మళ్లీ నేర్చుకోవాల్సి వస్తోంది. కొత్తగా చేరేవాళ్లకి ఇది మంచి సమయం.

పని తేలికని చెప్పను. ఆగస్టులో అటకల్లోకి పాకాలి, నిచ్చెన మీద బరువులు మోయాలి, అర్ధరాత్రి ఫోన్ వస్తే లేచి వెళ్లాలి. నడుం నొప్పి ఉన్నవాళ్లూ నలభై దాటినవాళ్లూ కంట్రోల్స్ వైపు చూడండి. ఆస్పత్రులు, ఆఫీసు టవర్లు, డేటా సెంటర్లలో సెన్సార్లు, వాల్వులు, ఫ్యాన్లు బ్యాక్‌నెట్ లాంటి భాషలో కంప్యూటర్‌తో మాట్లాడుకుంటాయి. పీఎల్‌సీ, ల్యాడర్ డయాగ్రమ్ చూసినవాళ్లకి ఇది పరాయి లోకం కాదు. ఐటీలో ఉద్యోగం పోయి దిక్కు తోచకుండా ఉన్నవాళ్లు కూడా ఒకసారి ఆలోచించవలసిన పని.

అమెరికా కార్మిక శాఖ లెక్కల్లో 2023 మే నాటికి ఏసీ, హీటింగ్ మెకానిక్‌ల మధ్యస్థ జీతం ఏడాదికి 57,300 డాలర్లు. కొత్తవాళ్లకి అంతకంటే తక్కువే వస్తుంది. పెద్ద భవనాల యంత్రాలు చూసుకునే స్టేషనరీ ఇంజనీర్ల యూనియన్ లోకల్ 39లో అప్రెంటిస్‌షిప్ ఉంది. జీతం తీసుకుంటూనే నేర్చుకోవచ్చు. దరఖాస్తులు ఎప్పుడు తీస్తారో కనిపెట్టి ఉండండి.

ఉన్న ఉద్యోగం మానకండి. మొదటి సెమిస్టర్‌లో ఒక్క క్లాసు చాలు, అది ఎలక్ట్రిసిటీ అయితే మేలు. ఏసీ చెడిపోయిందని వచ్చే ఫోన్లలో చాలావాటికి మూలం కరెంటు వైపే ఉంటుంది: ఉబ్బిన కెపాసిటర్, కాలిన కాంటాక్టర్, ఊడిన 24 వోల్టుల తీగ. మీ ఇంటి థర్మోస్టాట్ చూడండి. ముందు బ్రేకర్ ఆపి, మూత తీస్తే లోపల ఆర్, వై, జీ, డబ్ల్యూ, సీ అని అక్షరాలు కనిపిస్తాయి. ఆర్ అంటే కరెంటు వచ్చే తీగ, వై చల్లదనానికి, జీ ఫ్యానుకి, డబ్ల్యూ వేడికి, సీ తిరుగు దారికి. ఏ తీగ ఎక్కడికి పోతుందో తెలుసుకోవాలని మనసు లాగితే, సాయంత్రం షిఫ్టు లేని రోజు చూసుకుని కాలేజీకి వెళ్లి, ల్యాబ్ చూపించమని మేష్టారిని అడగండి.