స్టీలు సింకుకు మచ్చలెందుకు పడతాయి?



సంచికకు కెమిస్ట్రీ పాఠం ఒకటి రాయమని అడిగారు. మన భోజనాల హాలు బయట ఉన్న స్టీలు సింకునే పాఠంగా తీసుకున్నాను. మూడు పూటలా మనం కంచాలు కడిగేది అక్కడే. దాని మీద తెల్లని చారలు, కుళాయి కింద గోధుమరంగు చుక్కలు, మూలల్లో నల్లటి జిడ్డు అందరికీ తెలిసినవే. మచ్చ కనబడగానే "ఈ వారం డ్యూటీ ఎవరిది?" అని గద్దించడమూ తెలిసినదే. ఆ మచ్చల్లో చాలావాటికి తోమినవాడి బద్ధకంతో సంబంధం లేదు. మన ప్రాంతపు నీళ్లతో సంబంధం ఉంది. అదెలాగో చూద్దాం.

స్టెయిన్‌లెస్ స్టీలులో కూడా ఎక్కువ భాగం ఇనుమే. ఇనుము తడికి తుప్పు పట్టాలి కదా, మరి ఇది ఎందుకు పట్టదు? ఇందులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటుంది. అది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి లోహం పైన క్రోమియం ఆక్సైడ్ పొర కడుతుంది. ఆ పొర మందం కొద్ది నానోమీటర్లే. తల వెంట్రుక మందంలో పదివేల వంతు కూడా ఉండదు. అందుకే అది కంటికి ఆనదు, కింద ఉన్న లోహపు మెరుపే మనకు కనబడుతుంది. గీత పడినా గాలి తగిలితే ఆ పొర తనంతట తానే మళ్లీ కట్టుకుంటుంది. అంటే స్టీలు మెరవాలంటే మనం అరగదీయనక్కరలేదు. దాని పొరను దాన్ని కట్టుకోనిస్తే చాలు.

ఇంగ్లండులోని షెఫీల్డులో హ్యారీ బ్రేర్లీ అనే ఆయన తుపాకీ గొట్టాలు త్వరగా అరిగిపోకుండా మంచి ఉక్కు కోసం వెదుకుతూ 1913లో ఈ రకం ఉక్కును పోత పోశాడు. నిమ్మరసం, వెనిగర్ వంటి పులుపుకు కూడా అది చెక్కు చెదరలేదు. ఇది భోజనాల కత్తులకు పనికొస్తుందని ఆయన పట్టుబట్టాడు. ఉక్కు కరిగించే కార్మికుడి కొడుకాయన. పన్నెండేళ్లకే బడి మానేసి పనిలో చేరి, తర్వాత రాత్రిపూట చదువుకుంటూ రసాయన శాస్త్రం నేర్చుకున్నాడు. మనలాంటి వాళ్లు గుర్తుంచుకోదగ్గ పేరు అనిపించి ఇక్కడ రాశాను.

ఇప్పుడు అసలు శత్రువు సంగతి. ఆ సన్నపొరకు పులుపు కన్నా ఉప్పు ప్రమాదం. ఉప్పులోని క్లోరైడు పొరను ఒకచోట సూదిమొనంత మేర ఛేదిస్తుంది. ఆ గుంటలోకి ఆక్సిజన్ సరిగా అందదు, లోపల ఆమ్లగుణం పెరుగుతుంది, గుంట కిందికి దిగుతుంది. పైకి మాత్రం చిన్న గోధుమరంగు చుక్కే కనబడుతుంది.

మన కొల్లేరు కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య ఉంది. బుడమేరు, తమ్మిలేరు వచ్చి అందులో కలుస్తాయి. దాని నీళ్లు ఉప్పుటేరు మీదుగా బంగాళాఖాతంలోకి పోతాయి. వేసవిలో కొల్లేరు మట్టం పడిపోతే అదే ఉప్పుటేరు గుండా సముద్రపు నీరు పైకి ఎగదన్నుతుంది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 19,000 మిల్లీగ్రాముల క్లోరైడు ఉంటుంది. తాగే నీటికి మన భారతీయ ప్రమాణం ప్రకారం 250 దాటకూడదు, వేరే దిక్కు లేనిచోట 1000 వరకు ఒప్పుకుంటారు. లంక గ్రామాల తమ్ముళ్లకు నేను చెప్పేదేముంది, బోరు వేస్తే చాలాచోట్ల ఉప్పునీళ్లే. తాగడానికి టిన్ను కొంటారు, అంట్లకు ఆ బోరు నీళ్లే వాడతారు. నీటిబొట్టు స్టీలు మీద ఆరేకొద్దీ అందులోని ఉప్పు చిక్కబడుతుంది. కడిగినప్పుడు కన్నా కడిగి వదిలేసిన తర్వాతే నష్టం ఎక్కువ. కాబట్టి కడగడం కన్నా తుడవడం ముఖ్యం. పాత లుంగీ ముక్క ఒకటి సింకు పక్కన మేకుకు వేలాడదీయండి. తడి పీచు, గరిటెలు రాత్రంతా సింకులో వదలకండి, వాటి కింద గాలి ఆడదు.

తెల్లని చారలు వేరే జాతి. అవి నీటి కఠినత్వం వల్ల వచ్చే కాల్షియం కార్బొనేట్. తాడేపల్లిగూడెంలో నేను డిగ్రీ చదివినప్పుడు మా గది కుళాయికి దళసరి తెల్ల పెంకు కట్టేది. ఎంత సబ్బు వేసి తోమినా పోదు, ఆమ్లంతో కరగాలి. పల్చటి చారకు ఇత్తడి బిందెలు తోమే చింతపండే చాలు. దళసరి పెంకుకు మాత్రం చింతపండు అంతగా లాభం లేదు. అందులోని టార్టారిక్ ఆమ్లం కాల్షియంతో కలిసి అంత సులువుగా కరగని మరో పదార్థమవుతుంది. కిరాణా కొట్టులో దొరికే నిమ్మ ఉప్పు మేలు. పేరులో ఉప్పు ఉన్నా అది సిట్రిక్ ఆమ్లం, అందులో క్లోరైడు లేదు. లీటరు వేడినీళ్లలో రెండు చెంచాలు కలిపి, గుడ్డ తడిపి పెంకు మీద పావుగంట పరవండి. తర్వాత మెత్తని పీచుతో, స్టీలు మీద సన్నగీతలు ఏ దిక్కున ఉంటే ఆ దిక్కునే రుద్ది, బాగా కడిగి తుడవండి. గోధుమరంగు చుక్కలకూ ఇదే మందు. చుక్క పోయి కింద గుంట మిగిలితే అది పూడదు, అక్కడ తడి నిలవకుండా చూసుకోవడమే. జిడ్డుకు ముందుగా గోరువెచ్చని నీళ్లు, అంట్ల సబ్బు. టీ మరకకు వంటసోడా ముద్ద.

నిమ్మచెక్కను ఉప్పులో అద్ది రుద్దమని కొందరు చెబుతారు. పైన చదివారు కదా, ఎందుకు వద్దంటున్నానో మీకే తెలుసు. ఇనుప పీచు కూడా వద్దు. అది విడిచిన నలుసులు తుప్పు పట్టి, సింకే తుప్పు పట్టినట్టు కనబడుతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట. మచ్చ పోలేదని బాత్రూమ్ యాసిడ్ పోయకండి. అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం, స్టీలు నల్లబడి గుంటలు పడుతుంది. బ్లీచింగ్ పౌడర్ కూడా స్టీలుకు చేటే. ఈ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర దగ్గర జర్మన్ సైన్యం శత్రువుల మీదికి వదిలినది ఆ వాయువునే. ఒకరు బ్లీచింగ్ చల్లి వెళ్లాక ఇంకొకరు యాసిడ్ తెచ్చి పోస్తే తలుపులు మూసిన గదిలో ఊపిరి ఆడదు. బ్లీచింగ్ మీద నిమ్మ ఉప్పు, చింతపండు కూడా పడకూడదు. పొరపాటున కలిస్తే వాసన చూస్తూ నిలబడక వెంటనే బయటి గాలిలోకి వచ్చేయండి.

మా అమ్మ ఏలూరులో నాలుగిళ్లలో అంట్లు తోముతుంది. ఒక ఇంట్లో కొత్త సింకుకు చుక్కలు పడ్డాయని, సరిగా తోమడం లేదని జీతంలో రెండు వందలు తగ్గించారు. ఆ ఇంటివాళ్లే రాత్రిళ్లు సింకులో బ్లీచింగ్ నీళ్లు పోసి ఉంచేవారు. అమ్మ వేళ్లు యాసిడ్‌కు పగిలి ఉండేవి. నేను ఎమ్మెస్సీలో లోహాల క్షయం పాఠం చదివి అమ్మకు చెప్పాను, అమ్మ వాళ్లకు చెప్పింది. బ్లీచింగ్ మానేశారు, కొత్త చుక్కలు రాలేదు. రెండు వందలు మాత్రం వెనక్కి రాలేదు.

మన హాస్టల్ నీళ్లలో ఉప్పు ఉందో లేదో మీరే చూడవచ్చు. స్కూలు ల్యాబులో సిల్వర్ నైట్రేట్ ద్రావణం ఉంటే సైన్సు మాస్టారి ఎదుటే చేయండి. ఒక పరీక్షనాళికలో బోరు నీళ్లు, ఇంకొకదానిలో కాలువ నీళ్లు, మూడోదానిలో డిస్టిల్డ్ వాటర్ తీసుకోండి. ఒక్కొక్కదానిలో రెండు చుక్కల సజల నైట్రిక్ ఆమ్లం, తర్వాత రెండు చుక్కల సిల్వర్ నైట్రేట్ వేయండి. క్లోరైడు ఎంత ఉంటే అంత తెల్లగా పాలలా విరుగుతుంది. మూడింటినీ పక్కపక్కన పెట్టి చూసి, ఫలితం నోటుబుక్కులో రాసి వార్డెన్ గారికి చూపించండి. సిల్వర్ నైట్రేట్ చేతికి అంటకుండా జాగ్రత్త. అంటితే చర్మం మీద నల్లమచ్చ పడి కొన్ని రోజుల దాకా పోదు. దానికి చింతపండు పనిచేయదు.