కీబోర్డు, మౌస్ పనిచేయనప్పుడు: ఒక క్రమబద్ధ పరిశీలన

దేశ రాజధాని ఢిల్లీలో 1976లో జాతీయ సమాచార కేంద్రం ఏర్పడిన నాటికి కంప్యూటరు కొద్దిమంది నిపుణులు మాత్రమే ఎరిగిన యంత్రం. ఈనాడు అది లేని కార్యాలయంగాని, కళాశాలగాని, గ్రంథాలయంగాని ఆ నగరంలో అరుదు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో డిగ్రీ తరగతుల ప్రవేశాలు 2022వ సంవత్సరం నుండి జాతీయస్థాయి ఉమ్మడి పరీక్ష ఆధారంగా జరుగుతున్నవి. శ్రీకాకుళం నుండి గాని, ఆదిలాబాదు నుండి గాని అక్కడ చదువదలచిన విద్యార్థి తన దరఖాస్తును కంప్యూటరు మూలముననే పంపవలసి ఉన్నది. గడువు ముగిసే సాయంత్రం కీబోర్డు మూగవోయినచో, ఒక విద్యా సంవత్సరమే చేజారిపోయే ప్రమాదం కలదు. అందుచేత ఈ రెండు చిన్న పరికరాలు ఎందుకు మొరాయిస్తాయో, వాటిని ఏ క్రమంలో పరీక్షించవలెనో తెలిసికొనుట ప్రతి విద్యార్థికీ అవసరం.

కాల్కాజీ గోడ చెప్పిన పాఠం

దక్షిణ ఢిల్లీలోని కాల్కాజీలో 1999 జనవరి 26వ తేదీన ఒక విచిత్రమైన ప్రయోగం ఆరంభమైనది. ఎన్.ఐ.ఐ.టి. సంస్థకు చెందిన సుగతా మిత్రా తమ కార్యాలయానికీ, ప్రక్కనున్న మురికివాడకూ మధ్య గల గోడకు రంధ్రం చేయించి, అందులో ఒక కంప్యూటరును అమర్చినారు. వీధి పిల్లల చేతులకు అందుబాటులో ఉన్నది కీబోర్డు కాదు. మౌస్‌కు బదులుగా వేలితో తాకి నడిపే ఒక చిన్న పలక. ఉపాధ్యాయుడు లేడు, ఆంగ్లం రాదు. అయినను ఆ పిల్లలు తెరమీది బాణపు గుర్తును 'సూయీ' అనిరి, అనగా సూది. యంత్రం పనిలో ఉన్నదని తెలుపు ఇసుక గడియారపు బొమ్మను 'డమరు' అనిరి. ఇట్లు తమకు తెలిసిన వస్తువుల పేర్లు పెట్టుకొని బొమ్మలు గీయుట నేర్చుకొనిరి.

పిల్లలు ఈ విధంగా ఎంతవరకు నేర్చుకొనగలరను విషయంలో పరిశోధకుల మధ్య భేదాభిప్రాయాలు కలవు. ఉపాధ్యాయుల తోడ్పాటు, మాతృభాషలో పాఠ్యసామగ్రి లేనిదే ఇట్టి ప్రయత్నం పూర్తిగా ఫలించదని విమర్శకులు ఎత్తిచూపినారు. మన ప్రస్తుత విషయానికి ఆ ప్రయోగం నుండి గ్రహించవలసినది వేరొకటి: పేర్లు తెలియకపోయినను, జాగ్రత్తగా గమనిస్తూ ఒక్కొక్కటిగా ప్రయత్నించువానికి యంత్రం లొంగుతుంది.

కీబోర్డు లోపల ఏమున్నది?

సాధారణమైన కీబోర్డులో నూటికి పైగా మీటలు ఉంటాయి. ప్రతి మీటకు వేరు వేరు తీగలు ఉండవు. గళ్ల నుడికట్టువలె అడ్డగీతలు, నిలువుగీతలు గల ఒక విద్యుద్వలయం లోపల ఉంటుంది. మీటను నొక్కినప్పుడు ఒక అడ్డగీత, ఒక నిలువుగీత కలిసికొంటాయి. ఏ గడిలో కలయిక జరిగినదో ఒక చిన్న నియంత్రక పరికరం సెకనుకు అనేక పర్యాయాలు పరిశీలించి కంప్యూటరుకు తెలుపుతుంది. చవక కీబోర్డులలో ఈ గీతలు పలుచని ప్లాస్టిక్ పొరలమీద అచ్చువేయబడి ఉంటాయి.

ఈ నిర్మాణం తెలిసినచో లోపాన్ని గుర్తించుట సులభం. ఒక్క మీట మాత్రమే పనిచేయనిచో దానిక్రింద దుమ్మో, తినుబండారపు తునకో చేరి ఉండవచ్చును. ఒకేసారి కొన్ని మీటల గుంపు పనిచేయుట మానినచో ఒక గీత తెగినదని అనుమానింపవలెను. అన్ని మీటలు ఆగిపోయినచో తీగనుగాని, నియంత్రకాన్నిగాని, కంప్యూటరునుగాని పరీక్షింపవలెను.

మౌస్ చరిత్ర కూడా ఆసక్తికరమే. అమెరికాకు చెందిన డగ్లస్ ఎంగెల్‌బార్ట్ 1960ల మధ్యలో దీని తొలి నమూనాను రూపొందింపజేసి, 1968 డిసెంబరులో బహిరంగంగా ప్రదర్శించినాడు. తరువాత చాలాకాలం వాడుకలో ఉన్న మౌస్‌లలో ఒక బంతి దొర్లుతూ ఉండేది. దానిని ఆనుకొని ఉన్న చిన్న కడ్డీలకు మురికి పట్టుట సామాన్యమైన వ్యాధి. నేటి మౌస్ కాంతి సహాయంతో బల్ల ఉపరితలాన్ని చూస్తుంది. అందుచేత గాజు బల్లమీద, అద్దంవలె మెరిసే పలకమీద అది తడబడుతుంది. అట్టి సందర్భంలో క్రింద ఒక కాగితం పరచి చూచుట మొదటి చికిత్స.

పరీక్షించవలసిన క్రమం

వైద్యుడు నాడి చూడనిదే మందు ఇవ్వడు. అట్లే పరికరం చెడిపోయినదని తీర్మానించుటకు ముందు ఈ క్రింది మెట్లు దాటవలెను.

మొదటిది: కంప్యూటరు సజీవంగా ఉన్నదా? కీబోర్డు, మౌస్ ఒక్కసారే ఆగిపోయినచో రెండూ ఏకకాలంలో చెడిపోయినవనుట అరుదు. తెరమీది గడియారాన్ని ఒకటి రెండు నిమిషాలు గమనించండి. అది కదలనిచో యంత్రమే స్తంభించినది. అది కదులుతూ 'క్యాప్స్ లాక్' మీట నొక్కినను దీపం మారనిచో సంబంధం తెగినదని భావించవచ్చును. కంప్యూటరు సజీవంగా ఉన్నప్పుడు విద్యుత్ మీటను ఒక్కసారి మెల్లగా నొక్కినచో చాలా యంత్రాలు పద్ధతిగా ఆగిపోతాయి, లేదా నిద్రావస్థకు పోతాయి. మీటను కొన్ని సెకన్లపాటు నొక్కి పట్టి బలవంతంగా ఆపుట చివరి ఉపాయం. భద్రపరచని పని అప్పుడు నష్టమగును.

రెండవది: అనుసంధానం. తీగను ఊడదీసి తిరిగి గట్టిగా పెట్టవలెను. వేరొక రంధ్రంలో పెట్టి చూడవలెను. మధ్యలో పలు రంధ్రాల పెట్టె ఏదైనా ఉన్నచో దానిని తొలగించి నేరుగా కలపవలెను. పాత యంత్రాలలో గుండ్రని రంధ్రాలు ఉంటాయి: ఊదా రంగుది కీబోర్డుకు, ఆకుపచ్చది మౌస్‌కు. వీటిని కంప్యూటరు ఆపిన తరువాతనే కలపవలెను. చదునైన యు.ఎస్.బి. రంధ్రాలకు ఈ నియమం లేదు. తీగలేని పరికరాలలో ముందు బ్యాటరీని మార్చి చూడవలెను.

మూడవది: మార్పిడి పరీక్ష. అనుమానమున్న కీబోర్డును మరొక కంప్యూటరుకు, మంచి కీబోర్డును ఈ కంప్యూటరుకు కలిపి చూచినచో దోషం ఎవరిదో తేలిపోవును. కొనుగోలుకు ముందు ఈ ఒక్క పరీక్ష తప్పనిసరి.

నాల్గవది: అమరిక. కుడివైపు 'షిఫ్ట్' మీటను ఎనిమిది సెకన్లు నొక్కి ఉంచినచో విండోస్ యంత్రాలలో ఒక ప్రత్యేక సౌకర్యం మేల్కొంటుంది. వణికే చేతులు గలవారికోసం ఏర్పరచిన ఈ సౌకర్యం అమలులో ఉన్నప్పుడు క్షణకాలం మాత్రమే నొక్కిన మీటలు లెక్కకు రావు. విషయం తెలియనివారు కీబోర్డు చెడినదని భ్రమపడుదురు. కంప్యూటరు తెరచిన వెంటనే వచ్చే ప్రాథమిక అమరికల తెరలో కీబోర్డు పనిచేస్తూ, ఆ తరువాత పనిచేయనిచో లోపం వస్తువులో లేదు, వ్యవస్థలో ఉన్నది.

భాష మారినదా, మీట చెడినదా?

బహుభాషా నగరమైన ఢిల్లీలో తరచుగా ఎదురయ్యే 'దోషం' ఒకటి ఉన్నది. సంకేతపదం ఎన్నిసార్లు కొట్టినను యంత్రం అంగీకరించదు. చుక్కలే తప్ప అక్షరాలు కనిపించవు గనుక కారణం బోధపడదు. ముందు కూర్చున్నవారు హిందీలోనో, పంజాబీలోనో టైపు చేసి అమరికను అట్లే వదిలిపోయి ఉండవచ్చును. విండోస్ మీటను, ఖాళీస్థలపు మీటను కలిపి నొక్కినచో భాష మారుతుంది.

ఇది లోపం కాదు, ఒక గొప్ప సౌకర్యం. కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో భారతీయ భాషలకు 'ఇన్‌స్క్రిప్ట్' అను ఉమ్మడి మీటల అమరికను ప్రమాణంగా ప్రకటించినది. అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమచేతి వైపు, హల్లులు అధికంగా కుడిచేతి వైపు అమర్చబడినవి. ఆంగ్లంలో 'కె' ఉన్న మీట తెలుగులోను, హిందీలోను, వంగభాషలోను, కన్నడంలోను 'క' నే ఇస్తుంది. ఒక భాషలో వ్రేళ్లకు అలవాటైన నేర్పు మరొక భాషకు పనికివస్తుంది. లిపులు వేరైనను వర్ణమాల క్రమం ఒక్కటేనను సత్యం ఈ మీటల క్రింద దాగి ఉన్నది.

ఒకటి చెడినప్పుడు రెండవది

కీబోర్డు లేకున్నను మౌస్‌తో తెరమీది మీటలను నొక్కి వ్రాయవచ్చును. మౌస్ లేకున్నను 'ట్యాబ్' మీటతో ఒక గడి నుండి మరొక గడికి సాగి, 'ఎంటర్' నొక్కి దరఖాస్తు పూర్తిచేయవచ్చును. కంప్యూటరుపై జరిగే ప్రవేశ పరీక్షలో మాత్రం స్వయంగా మరమ్మతుకు పూనుకొనరాదు; వెంటనే చేయి ఎత్తి పర్యవేక్షకునికి తెలుపుటయే కర్తవ్యం.

ధూళి, తేనీరు, వ్యర్థం

వేసవిలో ఉత్తరాది మైదానాలను ముంచెత్తే 'ఆంధీ' అను ధూళిగాలి ఢిల్లీ కంప్యూటర్లకు ప్రధాన శత్రువు. వారానికొకసారి కీబోర్డును తలక్రిందులు చేసి తట్టుట, మెత్తని కుంచెతో తుడుచుట చాలును. తేనీరు ఒలికినచో వెంటనే తీగ ఊడదీసి, బోర్లించి, రెండు దినములు గాలికి ఆరనివ్వవలెను. తడి ఆరక ముందే పరీక్షించు ఆతురత పరికరాన్ని పూర్తిగా చంపివేయును.

కాల్కాజీకి సమీపముననే ఉన్న నెహ్రూ ప్లేస్ కంప్యూటరు విపణిగా దేశమంతటా ప్రసిద్ధం. అక్కడ క్రొత్త కీబోర్డు సులభంగా లభిస్తుంది. కాని పారవేసిన పాతది ఎచ్చటికి పోవును? ఈశాన్య ఢిల్లీలోని సీలంపూరులో పేద కార్మికులు పాత యంత్రాలను విడదీసి, లోహం కోసం శ్రమించుట లోకవిదితం. తీగలను కాల్చినప్పుడు వచ్చే పొగ వారి ఊపిరితిత్తులకు హానికరం. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన ఎలక్ట్రానిక్ వ్యర్థాల నిబంధనలు వాటిని నమోదైన పునశ్శుద్ధి కేంద్రాలకే చేర్చవలెనని నిర్దేశిస్తున్నవి. ఐదు నిమిషముల పరీక్షతో బాగుపడదగిన కీబోర్డును పారవేయుట, కావున, ధననష్టం మాత్రమే కాదు. మరొకరి ఆరోగ్యంపై మోపిన భారం. చేతిలోని సాధనాన్ని తెలిసి వాడుట, చెడినప్పుడు కారణం వెదకుట, నిజంగా పనికిరానప్పుడు సక్రమంగా అప్పగించుట: ఈ మూడును విజ్ఞానయుగపు పౌరుని కనీస ధర్మాలు.

అభ్యాసం

1. ఒకే వరుసలోని మీటలు కొన్ని మాత్రమే పనిచేయనిచో కారణం ఏమై ఉండును?
2. కీబోర్డు, మౌస్ ఒకేసారి ఆగిపోయినప్పుడు మొదట దేనిని గమనించవలెను? ఎందుకు?
3. ఇన్‌స్క్రిప్ట్ అమరిక వలన బహుభాషా విద్యార్థికి కలిగే మేలును వివరింపుము.