బిల్లు లేని డబ్బా

మక్తల్‌లో మెడికల్ షాపు కౌంటర్ వెనక పనిచేసేవాళ్లకు ఈ బేరం కొత్త కాదు. "అన్నా, పదికి నాలుగు ఫ్రీ ఇస్తా. బిల్లు సంగతి మళ్ల చూద్దాం." సంచిలో నాలుగైదు డబ్బాల యాంటీబయాటిక్‌తో బైక్ మీద వచ్చిన మనిషి అంటాడు. పక్క షాపువాళ్లు డిస్కౌంట్ బోర్డు పెట్టారు, ఓనరు మార్జిన్ పెంచమంటున్నాడు. ఆ ఒత్తిడి ఎట్లా ఉంటుందో తెలిసే చెబుతున్నా, ఆ డబ్బా దించుకోకండి.

2024 మార్చిలో తెలంగాణ డ్రగ్స్ కంట్రోల్ అడ్మినిస్ట్రేషన్ పట్టుకున్న ఎంపీఓడీ 200 గోలీల సంగతి చూడండి. స్ట్రిప్ మీద సెఫ్‌పొడాక్సిమ్ అని ఉంది. తయారీదారు మెగ్ లైఫ్‌సైన్సెస్ అని, హిమాచల్ ప్రదేశ్ సిర్మౌర్ జిల్లా అని అడ్రస్ కూడా ఉంది. పరీక్ష చేస్తే లోపల ఉన్నది సుద్దపొడి, పిండిపదార్థం. మందు లేదు. వాకబు చేస్తే అసలు అలాంటి కంపెనీయే లేదు. అంత పకడ్బందీగా తయారైన స్ట్రిప్‌ను చూసి ఇది నకిలీ అని మీరూ చెప్పలేరు, నేనూ చెప్పలేను.

ఆ గోలీ మింగినవాళ్లకు వాంతులు కావు, దద్దుర్లు రావు. అందుకే షాపుకు వచ్చి ఎవరూ కొట్లాడరు. నిమోనియా పట్టిన ఐదేళ్ల పిల్లాడు అనుకోండి. మూడు రోజులు గోలీ వేస్తారు, జరం తగ్గదు. ఊళ్లో ఆర్‌ఎంపీ సూది వేస్తాడు. ఐదో రోజు ఆయాసంతో మహబూబ్‌నగర్ తీసుకుపోతే, అక్కడి డాక్టరు చీటీ చూసి "సెఫ్‌పొడాక్సిమ్‌కు లొంగలేదు" అనుకుని ఇంకా పెద్ద యాంటీబయాటిక్ మొదలుపెడతాడు. ఆయన తప్పేం లేదు, చీటీలో ఉన్నది ఆయన నమ్మాడు. పిల్లాడి ఒంట్లో మాత్రం ఐదు రోజులు జబ్బు ఒక్కటే పనిచేసింది. మూర్ఛ గోలీ నకిలీదైతే ఫిట్స్ పొలం గట్టు మీదో బావి దగ్గరో రావచ్చు. బీపీ గోలీ అయితే పక్షవాతం వచ్చేదాకా తెలియకపోవచ్చు. మందు కొద్దిగా మాత్రమే ఉన్న యాంటీబయాటిక్ మరీ చెడ్డది, దానికి క్రిములు మొండికేస్తాయి.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ యాక్ట్ ప్రకారం నకిలీ మందు అమ్మితే కనీసం 7 ఏళ్ల జైలు. దానివల్ల ప్రాణం పోయినా, తీవ్రమైన హాని జరిగినా కనీసం 10 ఏళ్లు, యావజ్జీవం దాకా పోవచ్చు. షాపువాళ్లకు రక్షణ సెక్షన్ 19(3)లో ఉంది. లైసెన్స్ ఉన్నవాళ్ల దగ్గరే కొన్నామని, తగిన జాగ్రత్త తీసుకున్నా నకిలీదని తెలిసే వీలు లేకపోయిందని, సరుకును సరిగ్గా నిల్వ చేసి వచ్చింది వచ్చినట్టే ఉంచామని మనమే రుజువు చేసుకోవాలి. బిల్లు లేకపోతే మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతాం.

కాబట్టి సరుకు దించుకునేటప్పుడే కూర్చుని చూడండి. బిల్లు మీద 20బి, 21బి లైసెన్స్ నంబర్లు, జీఎస్టీ నంబరు ఉండాలి. బిల్లులో రాసిన బ్యాచ్, డబ్బా మీది బ్యాచ్, స్ట్రిప్ మీది బ్యాచ్ మూడూ ఒకటే కావాలి. పనిభారంలో చాలామంది డబ్బా దాకా చూసి వదిలేస్తారు, స్ట్రిప్ బయటకు తీయరు. పక్క రాష్ట్రంలోని రాయచూరు నుంచి వచ్చిందనే కారణానికి సరుకు తప్పు కాదు, బిల్లు సరిగ్గా ఉంటే చాలు. డోలో, కాల్‌పోల్, ఆగ్‌మెంటిన్ లాంటి 300 బ్రాండ్లకు 2023 ఆగస్టు 1 నుంచి క్యూఆర్ కోడ్ తప్పనిసరి. స్కాన్ చేసి వచ్చిన బ్యాచ్, ఎక్స్‌పైరీలను స్ట్రిప్‌తో పోల్చండి. కోడ్‌ను కూడా అచ్చు కొట్టగలరు గనుక దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు. నాలుగు గోలీలు కత్తిరించి ఇచ్చేటప్పుడు బ్యాచ్ నంబరు లేని వైపు నుంచి కత్తిరించండి, నంబరు ఉన్న ముక్క చివరిదాకా మిగలాలి. అమ్మకం బిల్లు మీద బ్యాచ్ రాయడం మానొద్దు.

ఓనరే బిల్లు లేకుండా తెస్తే? లైసెన్స్ మీద ఫార్మసిస్ట్‌గా మీ పేరుంటే డ్రగ్ ఇన్‌స్పెక్టర్ మొదట అడిగేది మిమ్మల్నే. సర్టిఫికెట్ అద్దెకిచ్చి వేరేచోట పనిచేసేవాళ్ల పరిస్థితి ఇంకా అధ్వానం, షాపులోకి ఏం వస్తోందో కూడా వాళ్లకు తెలియదు. గొడవ పడక్కర్లేదు. "సార్, ఈ సరుకుకు బిల్లు రాలేదు, అమ్మకుండా పక్కన పెట్టాను" అని వాట్సాప్‌లో మెసేజ్ పెట్టండి. నోటిమాట రేపు ఎవరికీ గుర్తుండదు, మెసేజ్ ఉంటుంది. అయినా అమ్మమని ఒత్తిడి చేస్తే వేరే షాపు వెతుక్కోవడమే మేలు.

అనుమానం వచ్చిన సరుకును స్టాకిస్టుకు గుట్టుగా వాపస్ చేయకండి. అదే డబ్బా నారాయణపేటలో ఇంకో షాపుకు చేరుతుంది. డబ్బా, స్ట్రిప్, బిల్లు కలిపి విడిగా పెట్టి, డ్రగ్స్ కంట్రోల్ టోల్‌ఫ్రీ 1800-599-6969కు పని రోజుల్లో ఫోన్ చేయండి. ఇన్‌స్పెక్టర్ వచ్చి సరుకు సీజ్ చేస్తే ఫారం 16 రసీదు అడిగి తీసుకోండి. ఆలోగా అమ్మకం బిల్లులు తిరగేసి ఆ బ్యాచ్ ఎవరెవరికి పోయిందో చూడండి. జక్లేర్ నుంచి వచ్చి పిల్లాడికి కొనుక్కుపోయినామె నంబరు దొరికితే వెంటనే ఫోన్ చేయండి: "అమ్మా, ఆ గోలీలు ఇంక వెయ్యకు, స్ట్రిప్ పారెయ్యకు. పిల్లగాణ్ని ఇయ్యాలనే డాక్టరుకు చూపియ్యి, ఈ గోలీల మీద అనుమానం ఉందని ఆయనకు చెప్పు."