పియోనీ మూల జాతులు: ఈ ఫాల్‌లో నాటండి, వసంతంలో పూలు చూడండి

అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో, కెనడాలో, బ్రిటన్‌లో పెరటి తోటలు పెంచుతున్న తెలుగువారికి బీర, సొర పాదులు తీసేసే రోజులివి. ఖాళీ అయిన మడుల్లో ఒక మూల పియోనీకి కేటాయించండి. వసంతంలో అది పూస్తుందా లేదా అన్నది సెప్టెంబరు, అక్టోబరుల్లో మీరు నాటే తీరును బట్టే ఉంటుంది.

నర్సరీల్లో ఎక్కువగా దొరికేవి ముద్దపూల సంకర రకాలు. వాన పడితే ఆ పూలు నీళ్లు పట్టి నేలకు వాలిపోతాయి, ఊతకర్రలు కట్టక తప్పదు. అడవుల్లో సహజంగా పెరిగే మూల జాతులవి రేకపూలు. చాలావాటికి ఊత అక్కర్లేదు. కేసరాలు విచ్చుకుని ఉంటాయి కనుక తేనెటీగలకు పుప్పొడి సులువుగా అందుతుంది.

ఏ జాతికి ఏ చోటు?

పియోనీలో ముప్పైకి పైగా జాతులున్నాయి. అన్నింటికీ ఒకే చోటు పనికిరాదు. మొక్క పుట్టిన నేల ఎలాంటిదో తెలుసుకుని, పెరట్లో అలాంటి చోటు వెతకండి.

టెన్యుఫోలియా: ఉక్రెయిన్, దక్షిణ రష్యా గడ్డి మైదానాలది. సోంపు ఆకులాంటి సన్నని ఆకు, ముదురు ఎరుపు పూలు. రోజంతా ఎండ, నీరు నిలవని నేల కావాలి. నడివేసవికే ఆకు ఎండిపోతుంది. చచ్చిపోయిందనుకుని తవ్వేయకండి, దుంప బతికే ఉంటుంది.

మ్లోకోసెవిచి: కాకసస్ కొండలది. లేత పసుపు పూలు. ఉదయపు ఎండ, మధ్యాహ్నం పలచని నీడ సరిపోతాయి.

ఒబోవాటా: జపాన్, కొరియా, చైనా అడవుల మొక్క. ఆకురాల్చే చెట్ల కింద, కుళ్లిన ఆకు కలిసిన మెత్తని నేలలో బాగుంటుంది.

ఎమోడి: మన హిమాలయాలదే. కశ్మీర్, హిమాచల్ ప్రదేశ్, ఉత్తరాఖండ్ కొండల్లో పెరుగుతుంది. తెల్లని రేకులు, నడుమ పసుపు కేసరాలు, ఒకే కాడకు రెండు మూడు పూలు. మండుటెండ పడని చోట నాటండి.

నాటే పద్ధతి

నేల గడ్డకట్టడానికి కనీసం ఆరు వారాల ముందే నాటడం పూర్తిచేయాలి. మొక్కకూ మొక్కకూ మూడడుగుల ఎడం ఉంచండి. అడుగున్నర లోతు, అంతే వెడల్పు గుంత తీసి, అడుగు మట్టిలో బాగా చివికిన ఎరువు కలపండి. పచ్చి ఎరువు దుంపకు తగిలితే కుళ్లు వస్తుంది. ఉదజని సూచిక 6.5 నుంచి 7 మధ్య ఉంటే చాలా జాతులకు సరిపోతుంది. బంకనేలైతే మడిని అరడుగు ఎత్తు చేసుకోండి.

అసలు జాగ్రత్త లోతు దగ్గరే. దుంప మీది ఎర్రని కళ్లపై ఒకటి నుంచి రెండు అంగుళాల మట్టి మాత్రమే ఉండాలి. లోతు ఎక్కువైతే ఏటా ఆకు వేస్తుంది కానీ పూయదు. నాటాక ఒకసారి బాగా తడపండి. తొలి చలికాలం పైన ఎండుగడ్డి పరిచి, మార్చిలో తీసేయండి.

గింజలతో పెంచాలంటే

ఆగస్టు, సెప్టెంబరుల్లో కాయలు పగులుతాయి. చాలా జాతుల్లో నల్లగా, ముదురు నీలంగా మెరిసేవే మొలిచే గింజలు. ఎర్రగా ఉన్నవి తాలు. గింజ ఎండిపోకముందే విత్తాలి. తడి ఇసుకలో సుమారు 20 డిగ్రీల వెచ్చదనంలో రెండు మూడు నెలలు ఉంచితే వేరు వస్తుంది. తర్వాత ఫ్రిజ్‌లో 4 డిగ్రీల వద్ద మరో రెండు మూడు నెలలు ఉంచితేనే ఆకు లేస్తుంది. నేరుగా మడిలో విత్తితే ఆకు రెండో వసంతానికి గానీ కనిపించకపోవచ్చు. తొలి పూతకు నాలుగైదేళ్లు పడుతుంది. పక్కపక్కనే రెండు మూడు జాతులుంటే తేనెటీగలు పుప్పొడి కలిపేస్తాయి. స్వచ్ఛమైన విత్తనం కావాలంటే మొగ్గ విడవకముందే పలచని గుడ్డసంచి కట్టి, అదే జాతి పుప్పొడిని చేత్తో అద్దండి.

వసంతంలో గమనించాల్సినవి

మార్చి, ఏప్రిల్‌లో ఎర్రని మొలకలు నేల చీల్చుకు వస్తాయి. టెన్యుఫోలియా, మ్లోకోసెవిచి ముందుగా పూస్తాయి. సంకర రకాల్లో చాలావాటికి మూలమైన లాక్టిఫ్లోరా మే చివర, జూన్‌లో విచ్చుకుంటుంది. ఒక్కో పూవు వారం లోపే రాలిపోతుంది కనుక ముందూ వెనకా పూసే జాతులు కలిపి నాటితే పూత చూసే రోజులు పెరుగుతాయి.

మొగ్గల మీద చీమలు తిరిగితే మందు కొట్టకండి. అవి మొగ్గ పైనున్న తీపి రసం కోసం వస్తాయి, పూతకు హాని లేదు. మొలకలు అడుగున నల్లబడి వాలిపోతే మాత్రం అది బొట్రైటిస్ బూజు తెగులు. ఆ కాడలు కోసి చెత్తలో పారేయండి, కంపోస్టులో వేయకండి. ఆకులు తడిసేలా నీళ్లు చల్లకండి. తొలి రెండేళ్లు పూలు కోయవద్దు. పూత అయ్యాక పచ్చగా ఉన్న ఆకును అలాగే ఉంచండి, మరుసటి ఏటి మొగ్గకు బలం దాన్నుంచే.

తెలుగు రాష్ట్రాల రైతులకు ఒక మాట

పియోనీ నిద్ర తీరి పూయాలంటే వారాల తరబడి గట్టి చలి కావాలి. లంబసింగిలో కొన్ని రాత్రులు వణికించినా ఆ చలి చాలదు. మైదాన ప్రాంతాల్లో ఇంకా కష్టం. ఆన్‌లైన్‌లో ఫోటోలు చూసి ఈ దుంపలకు డబ్బు పెట్టకండి. ఆ పెట్టుబడి మన నేలకు తగిన చామంతికో, లిల్లీకో పెడితే ఫలితం ఉంటుంది.

చలిదేశాల్లోని వారు కూడా కొనేముందు నర్సరీలో పెంచిన మొక్కేనా అని అడగండి. ఎమోడి దుంపలను మందుల కోసం హిమాలయాల్లో తవ్వి తీస్తున్నారు. దుంప పోయిన చోట గింజ మొలిచి మళ్లీ పూతకు రావడానికి ఏళ్లు పడుతుంది. మీ పెరట్లో ఒక మొక్క పెరగడం కోసం కొండ మీద ఒక మొక్క పోకూడదు.