వై నొక్కేముందు

చిరంజీవి కిరణ్‌కు,

ల్యాప్‌టాప్‌లో ఉబుంటు వేసుకున్నావని అమ్మ చెప్పింది, చాలా సంతోషం. కమాండ్లు వాడగా వాడగా అవే వస్తాయి, వాటి గురించి బెంగ లేదు. ఒక్క అలవాటు మాత్రం మొదట్లోనే పడాలి. ప్యాకేజీలు వేసే ఆప్ట్ ఏదైనా అడిగినప్పుడు, జవాబు చెప్పేముందు అది పైన రాసిందంతా చదవాలి.

'సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ వీఎల్‌సీ' అని కొట్టి చూడు. వీఎల్‌సీ నడవడానికి ఇంకా ఏయే ప్యాకేజీలు కావాలో లెక్కగట్టి, వాటన్నిటి పేర్లూ తెర మీద పెడుతుంది. కింద ఒక లైన్ ఉంటుంది: ఎన్ని అప్‌గ్రేడ్ అవుతాయి, ఎన్ని కొత్తగా వస్తాయి, ఎన్ని పోతాయి. ఆ తర్వాతే కానివ్వమంటావా అని అడుగుతుంది. అక్కడ ఉత్త ఎంటర్ నొక్కినా అవునని వై నొక్కినట్టే లెక్క, అందుకే వేలు తొందరపడకూడదు. పోయేవాటి లెక్క దగ్గర సున్నా కాకుండా మరో అంకె కనిపిస్తే ఆగి, పైకి వెళ్లి, పోయేవి ఏవో పేరుపేరునా చూడు.

2021లో పేరున్న యూట్యూబర్ ఒకాయన పాప్ ఓఎస్‌లో స్టీమ్ అనే గేమింగ్ యాప్ వేసుకోబోయాడు. ఆ సమయానికి ఆ ప్యాకేజీ డిపెండెన్సీల్లో ఏదో తేడా ఉంది. స్టీమ్ రావాలంటే డెస్క్‌టాప్‌నే తీసేయాలని ఆప్ట్ లెక్క తేల్చింది. తేల్చి ఊరుకోలేదు, ఇవి సిస్టమ్‌కు అత్యవసరమైనవని హెచ్చరించి, 'యెస్, డూ యాజ్ ఐ సే' అని వాక్యం మొత్తం టైపు చేస్తేనే ముందుకెళ్తానంది. ఆయన టైపు చేశాడు, డెస్క్‌టాప్ పోయింది. ఆ తర్వాత ఆప్ట్ కమాండ్‌లో ఆ దారి మూసేశారు. కానీ నీకు కావాల్సిన మామూలు ప్యాకేజీ పోతుంటే అంత గట్టిగా ఎవరూ ఆపరు, జాబితాలో ఒక పేరుగా కనిపిస్తుంది, అంతే. అనుమానంగా ఉంటే అదే కమాండ్‌కి హైఫన్ ఎస్ తగిలించు. ఏదీ ముట్టుకోకుండా ఏం జరగబోతుందో చూపించి ఊరుకుంటుంది.

అప్‌డేట్ వేరు, అప్‌గ్రేడ్ వేరు. అప్‌డేట్ కొత్త జాబితా తెచ్చుకుంటుందే తప్ప దేన్నీ ఇన్‌స్టాల్ చేయదు. చాలా రోజులు అది చేయకుండా ఇన్‌స్టాల్ కొడితే, పాత వెర్షన్ సర్వర్‌లో లేక 404 అని రావచ్చు.

ఇక సరుకు ఎక్కణ్ణుంచి వస్తోందన్నది. ఉబుంటు రిపాజిటరీల జాబితాకు డిజిటల్ సంతకం ఉంటుంది, ఆప్ట్ దాన్ని సరిచూసుకుంటుంది. ఎవరిదో సొంత రిపాజిటరీ, అంటే పీపీఏ, చేర్చావంటే, వాళ్ల ప్యాకేజీలోని స్క్రిప్టులు నీ మెషీన్‌లో రూట్ అధికారంతో నడుస్తాయి. ఎక్కడో కనిపించిన కర్ల్ లైన్‌ను కాపీ చేసి సుడో బాష్‌కి అందించడం అంతకంటే ప్రమాదం, చదవని కాగితం మీద సంతకం పెట్టడమే అది. సరికొత్త వెర్షన్ కోసం ఆరాటమూ వద్దు. 2024 మార్చిలో, ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ ప్యాకేజీ 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి బయటపడింది. అది ఉబుంటుకు మూలమైన డెబియన్‌లో టెస్టింగ్ దాకా వచ్చింది గానీ స్టేబుల్‌లోకి రాలేదు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు, ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కు అర సెకను ఎక్కువ ఎందుకు పడుతోందని ఆరా తీస్తూ పోతే అది దొరికింది. ఆయన పట్ల నాకెంత గౌరవమో చెప్పలేను.

పైథాన్ ప్రాజెక్టులకు పిప్ వాడబోతే, ఈ ఎన్విరాన్‌మెంట్‌ను బయటివాళ్లు చూసుకుంటున్నారంటూ అడ్డుపడుతుంది. 'బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్' అనే ఆప్షన్ పెడితే పనైపోతుందని నీ క్లాస్‌మేట్లు చెబుతారు. చేస్తానన్నది ఆ పేరులోనే ఉంది కదా, వద్దు. ప్రతి ప్రాజెక్టుకూ వేరే వెన్వ్ ఫోల్డర్ పెట్టుకో, పాడైతే ఆ ఫోల్డర్ ఒక్కటే తీసేయొచ్చు.

వైఫై నిన్నటి నుంచి రావడం లేదన్నావట. ఈమధ్య ఏం మారిందో తెలియాలంటే, వార్‌లో లాగ్, అందులో ఆప్ట్ అనే ఫోల్డర్ ఉంటుంది. అక్కడి హిస్టరీ డాట్ లాగ్‌లో ఏ రోజు ఏ కమాండ్‌తో ఏది వచ్చిందో, ఏది పోయిందో వరసగా ఉంటుంది. ముందు నువ్వు చదివి, మొన్నటి తేదీ కింద కెర్నల్ గానీ డ్రైవర్ గానీ మారిందేమో చూడు. అర్థం కాకపోతే ఆ ముక్క నాకు పంపు.

నీ అక్క