కావ్యములలో తెలుపు

కీర్తికి రంగు లేదు. అయినను మన కావ్యములలో కీర్తి తెల్లనిది, అపకీర్తి నల్లనిది, అనురాగము ఎఱ్ఱనిది. ఇట్టి కట్టుబాటునకు కవిసమయమని పేరు. రాజశేఖరుడు కావ్యమీమాంసలో దీనిని మూడు తెఱగులుగా విడదీసెను: లేనిదానిని చెప్పుట, ఉన్నదానిని చెప్పకుండుట, ఒక చోటికో ఒక కాలమునకో నియమించుట. పాఱు నదులలో తామరలు పూయుట మొదటిది. గంధపు చెట్టునకు పూవులును కాయలును ఉన్నను వర్ణింపమి రెండవది. కోకిల వేసవిలోను కూయును. కావ్యమున దాని కూత వసంతమునకే చెల్లును. ఇది మూడవది. పొలముగట్టున పెరిగిన పిల్లవాడు ఇందు తప్పు పట్టినచో వానిని గద్దింపరాదు. వాని కన్ను సరియైనదే.

చిక్కెల్ల "తెలుపనగా స్వచ్ఛత" అని పట్టిక వ్రాయించి వల్లె వేయించుటలో ఉన్నది. నాట్యశాస్త్రమున తెలుపు హాస్యరసమునకు వర్ణము. కీర్తివర్ణనలో అదియే దిక్కులు నిండిన వెన్నెల. వితంతువు చీరపై అదియే శోకము.

12వ శతాబ్దికి చెందిన అక్కమహాదేవి వచనముల ముద్ర "చెన్నమల్లికార్జున". మల్లిక యనగా మల్లెపూవు. అర్జున శబ్దమునకు తెలుపని అర్థము కలదు. ఈ తెలుపును కీర్తి పద్దులో వ్రాయుటకు వీలులేదు. ఇది శ్రీశైలనాథుని నామములోనే విరిసినది. పక్షులను, తుమ్మెదలను ఆమె పిలిచినది తన స్వామి జాడ అడుగుటకు. విద్యార్థి ముందుగా ఆమె ఎవరిని, ఏమి అడుగుచున్నదో చూచి, ఆ పిమ్మటనే రంగు మాట ఎత్తవలెను.